బీరువా ముఖం కాదు, వీపు చూడండి

ప్రశ్న: మేము మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటు అయిదో అంతస్తులో ఉంటున్నాం. గోడకు బిగించిన ప్లైవుడ్ కబోర్డులు పన్నెండేళ్ళకే ఉబ్బిపోయి తలుపులు వేలాడుతున్నాయి. వాటిని తీసేసి పాతకాలపు చెక్క బీరువా పెట్టుకోవాలని నా కోరిక. ఒక దుకాణంలో నిలువుటద్దం బీరువా ఒకటి చూశాం. నూటయాభై ఏళ్ళనాటి బర్మా టేకు అంటున్నారు, లక్షా పాతికవేలు చెబుతున్నారు, తళతళ మెరుస్తోంది. మరోపక్క అమలాపురం దగ్గర మా అమ్మమ్మగారి ఇల్లు అమ్మకానికి పెట్టారు. అందులో ఒక భోషాణం, అంటే పెద్ద చెక్కపెట్టె, వంటింట్లో జాలీ తలుపుల అలమర ఉన్నాయి. మామయ్యలు వాటిని పాత సామాన్లవాడికి వేసేస్తామంటున్నారు. మావారేమో ఈ పాత చెక్కలన్నీ ఎందుకు, కొత్తది చేయించుకుందాం అంటారు. న్యూజెర్సీలో ఉన్న మా చెల్లెలు భోషాణం తనకు కావాలంటోంది. వీటిలో ఏది తీసుకోవాలి? పాతది కొనేటప్పుడు ఏమేం చూసుకోవాలి?
— ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: అమ్మా, ముందు జవాబు చెప్పి తరువాత కారణాలు చెబుతాను. దుకాణంలోని బీరువాకు ఇప్పుడే బయానా ఇవ్వకండి. మీ మామయ్యగారికి ఈరోజే ఫోన్ చేసి, జాలీ అలమరనూ భోషాణాన్నీ పాత సామాన్లవాడికి వేయవద్దని చెప్పండి. అమ్మమ్మగారి మీద మమకారం ఉండాలని చెబుతున్న మాట కాదిది. ఆ రెండూ ఏ ఇంట్లో, ఏ గదిలో, ఎవరి చేతికింద ఉన్నాయో మీకు తెలుసు. వాటికి చెదలు పట్టిందీ లేనిదీ, ఏ ఏడు వరదలో తడిసిందీ చెప్పగలిగిన మనుషులు మీ ఇంట్లోనే ఉన్నారు. దుకాణంలోని బీరువా గురించి మీకు తెలిసినదల్లా అమ్మేవారు చెప్పిన రెండు మాటలూ, దాని మీది మెరుపూ. ఆ మెరుపు నిన్నమొన్న పూసినదని మాత్రం ఎవరైనా చెప్పగలరు.

అయితే జాలీ అలమర మీ పడకగది కబోర్డులకు బదులు కాలేదు కదా అంటారు. నిజమే. అందుకే మొదట తేల్చుకోవలసింది, బీరువా ఎంత పాతదన్నది కాదు, అందులో మీరు ఏం పెట్టబోతున్నారన్నది. మన ఇళ్ళలోని పాత బీరువాలు చాలావరకు మడతపెట్టిన బట్టల కోసం చేసినవి. చీరలు, పంచెలు, దుప్పట్లు అరల మీద దొంతర్లుగా పేర్చుకునేవారు కనుక లోతు పదహారు, పద్దెనిమిది అంగుళాలుంటే వారికి సరిపోయేది. హ్యాంగరుకు తగిలించిన చొక్కా అడ్డంగా పట్టాలంటే ఇరవైరెండు నుంచి ఇరవైనాలుగు అంగుళాల లోతు కావాలి. ఈ తేడా తెలియక, ముచ్చటపడి కొని, ఇంటికి తెచ్చాక తలుపు మూసుకోక, లోపలి అరలు కోయించి కడ్డీ బిగించినవారిని నేను చూశాను. అరలు కోసేసిన బీరువాకు పక్కల బిగువు తగ్గిపోతుంది, కొన్నాళ్ళకు తలుపులు ఒకదానికొకటి అందవు. మీవారివి ఎక్కువగా హ్యాంగరు బట్టలయితే, ఆ ఒక్క గదికి కొత్తది చేయించుకుందామన్న ఆయన మాటలో న్యాయం ఉంది. మీ చీరలకూ దుప్పట్లకూ మాత్రం పాత బీరువాను మించినది లేదు. ఎందుకంటే గట్టి చెక్క అర అంత బరువు మోసినా వంగదు.

రెండోది కొలత. ఆ బీరువా ఎత్తు, వెడల్పు, లోతు టేపుతో తీసుకుని, ఆ అంకెలతో మీ లిఫ్టు లోపలి ఎత్తు, మెట్ల మలుపు, వీధి తలుపు, పడకగది తలుపు అన్నీ సరిచూసుకోండి. పడుకోబెట్టి లోపలికి తెచ్చిన బీరువాను నిలబెట్టేటప్పుడు దాని ఎత్తు ఒక్కటే లెక్కలోకి రాదు, ఎత్తుకూ లోతుకూ మధ్య ఐమూలగా ఉన్న కొలత వస్తుంది. ఏడడుగుల ఎత్తు, ఇరవై అంగుళాల లోతు ఉన్నదానికి ఆ ఐమూల కొలత ఇంచుమించు ఎనభైఆరున్నర అంగుళాలు. ఫాల్స్ సీలింగు కిందికి దిగి ఉన్న గదుల్లో ఇది చివరి నిమిషంలో తల బాదుకునే వ్యవహారం. మంచి పాత బీరువాలు చాలావరకు విడదీయడానికి వీలుగా చేసి ఉంటాయి. పైన కిరీటంలా ఉండే భాగం ఊడి వస్తుంది, కింద సొరుగులున్న పీఠం వేరుగా ఉంటుంది, మధ్య పెట్టె వాటి మీద కూర్చుంటుంది. అలా విడిపోతుందో లేదో దుకాణంలోనే విప్పించి చూడండి. విడిపోవలసిన చోట మేకులు కొట్టి ఉంటే, అది ఎప్పుడో ఎవరో తొందరపడి చేసిన మరమ్మతు అని అర్థం.

ఇక అసలు పరీక్ష. పాత బీరువాను ముందు నుంచి చూడడం ఎవరైనా చేస్తారు, అమ్మేవారు పాలిష్ పెట్టించేదీ ఆ ముందు భాగానికే. మీరు గోడ దగ్గర నుంచి దాన్ని ఒక మూర ముందుకు జరిపించి వెనక్కి వెళ్ళండి. ఒక టార్చిలైటు, ఒక పాత దినపత్రిక కాగితం చేతిలో ఉంటే చాలు. వెనక పలకలకు ఎవరూ రంగు వేయరు కనుక చెక్క వయసు అక్కడే కనిపిస్తుంది. వందేళ్ళు గాలి తగిలిన చెక్క వెనకవైపు పొడిబారి, నెమ్మదిగా నల్లబడి, అంతటా ఒకే తీరుగా ఉండాలి. నాలుగు పలకలు ముదురుగా ఉండి ఒకటి మాత్రం లేతగా, గరుకుగా ఉంటే అది మార్చిన పలక. పలక మార్చడం తప్పు కాదు, దాన్ని దాచడమే తప్పు. వెనక మొత్తం ప్లైవుడ్ కొట్టి ఉంటే మాత్రం నూటయాభై ఏళ్ళ మాట అక్కడే ఆపించండి, ప్లైవుడ్ మన దేశంలో మామూలు వడ్రంగి చేతికి అందినది 20వ శతాబ్దంలోనే.

తరువాత ఒక సొరుగు పూర్తిగా బయటికి లాగి బోర్లించండి. దాని అడుగున అరచేయి ఆనించి నెమ్మదిగా జరపండి. చేత్తో చిత్రిక పట్టిన పలక కంటికి చదునుగా కనిపించినా, చేతికి చాలా సన్నటి అలలు తగులుతాయి. మిషను మీద పోయిన పలక అద్దంలా ఒకే మట్టంగా ఉంటుంది. సొరుగు ముందు పలకా పక్క పలకా కలిసే మూలను చూడండి. పావురం తోకలా విచ్చుకున్న పళ్ళు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి, వాటి కొలతలు ఒకదానితో ఒకటి సరిగ్గా కలవకపోతే, పక్కన గీత గీసుకున్న గుర్తు సన్నగా కనిపిస్తుంటే, ఆ పని ఉలితో చేసినది. అన్నీ అచ్చు గుద్దినట్టుంటే యంత్రం పని. రంపపు గీతలు కూడా చూడమని కొందరు చెబుతారు. ఏటవాలుగా, ఎడాపెడా ఉన్న తిన్నని గీతలు చేతి రంపానివి, విల్లులా వంగిన గీతలు చక్రపు రంపానివి అన్నది నిజమే. కాని బర్మాలో ఆవిరితో నడిచే రంపపు మిల్లులు 19వ శతాబ్దంలోనే ఉన్నాయి కనుక వంపు గీతలు కనిపించినంత మాత్రాన అది కొత్తదని తేల్చలేం.

మరమేకులు మాత్రం కాస్త గట్టి సాక్ష్యం. తల మీద ఒక్క గాడి ఉన్నవి పాతకాలపువి, కూడిక గుర్తులా రెండు గాళ్ళున్న మరమేకు 1930ల తరువాత వచ్చినది. ఒకటి రెండు అలాంటివుంటే మరమ్మతు అనుకోవచ్చు. బందులన్నీ వాటితోనే బిగించి ఉండి, ఆ బందుల చుట్టూ పాత బందుల ముద్ర కూడా లేకపోతే, ఆ తలుపులు ఈ మధ్య చేసినవే. అన్నిటికన్నా నాకు నమ్మకమైన చోటు తాళం గూడు. తాళం బిగించడానికి చెక్కను తవ్విన చోట రంగు లోపలిదాకా వెళ్ళదు. టార్చి వేసి చూస్తే అక్కడ చెక్క అసలు రంగు బయటపడుతుంది. టేకు అయితే బంగారపు గోధుమరంగులో, కొంచెం జిడ్డుగా, దగ్గరికి ముక్కు పెడితే తోలువాసన లాంటి వాసనతో ఉంటుంది. బయట కాఫీ రంగు, లోపల పాలిపోయిన తెలుపు కనిపిస్తే అది రంగు పూసిన నాసిరకం కర్ర.

బర్మా టేకు అన్న మాట గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీరు కట్టబోయే డబ్బులో పెద్ద భాగం ఆ రెండు మాటలకే. కోస్తా నుంచి రంగూన్‌కు, మనవాళ్ళ నోట రంగానికి, ఓడల మీద వెళ్ళినవారెందరో ఉన్నారు. ఆ రాకపోకలతోపాటే బర్మా కలప మన రేవులకు వచ్చింది. 1942లో జపాను సైన్యం బర్మాలోకి వచ్చేసరికి మనవాళ్ళు చాలామంది కాలినడకన తిరిగి వచ్చారు. 2014 ఏప్రిల్ నుంచి బర్మా దుంగల ఎగుమతినే నిలిపేసింది. కాబట్టి పాత ఇళ్ళలో నిజమైన బర్మా టేకు ఉండడం అబద్ధం కాదు. అయితే అదే కాలంలో భద్రాచలం వైపు అడవుల టేకు తెప్పలుగా గోదావరి మీద రాజమండ్రికి దిగేది. ఆ ప్రాంతపు పాత సామాను చాలావరకు ఆ కలపతో చేసినదే, అది ఏమాత్రం తీసికట్టు కాదు. ఈ రెంటినీ కంటితో చూసి విడదీయడం చేయితిరిగిన వడ్రంగికీ కష్టం. మీరు అడగవలసినది ఏ దేశపు టేకు అని కాదు, ఎంత చేవ, అంటే దుంగ నడిమి ముదురు కర్ర, ఉన్న టేకు అని. చేవ కర్రకు చెదలు అంత సులువుగా పట్టవు. దుంగ అంచున ఉండే తెల్లకర్రకు పడతాయి, పుచ్చు కూడా అక్కడే మొదలవుతుంది.

నూటయాభై ఏళ్ళ మాటకు కూడా నేను వెంటనే తల ఊపను. మన ఇళ్ళలో సొంతంగా పుట్టిన సామాను పెట్టె, భోషాణం, గోడలో గూడు. నిలబడి ఉండే తలుపుల బీరువా దొరల బంగళాల నుంచి మెల్లగా జమీందార్ల ఇళ్ళకూ, తరువాత ప్లీడర్లూ డాక్టర్ల ఇళ్ళకూ వచ్చినది. అలమర అన్న మాటే పోర్చుగీసు నుంచి వచ్చింది. ముందు తలుపుకు నిలువుటద్దం, గుండ్రని అంచులు ఉన్న బీరువాలు నేను చూసినంతలో 1930ల నుంచి 1950ల దాకా చేసినవే ఎక్కువ. అది తక్కువ వయసేమీ కాదు. కాని ఎనభై ఏళ్ళదానికి నూటయాభై ఏళ్ళ ధర కట్టడం దేనికి?

పురుగు పరీక్ష మరిచిపోవద్దు. దీని మీద నాకు సొంత అనుభవం ఉంది. చాలా ఏళ్ళ క్రితం పుస్తకాల కోసం అద్దాల బీరువా ఒకటి కొన్నాను. ముందువైపు చక్కటి టేకు, ధర కూడా అందుబాటులో ఉందని సంబరపడ్డాను. రెండో వర్షాకాలానికి కింది అరలో నిఘంటువు మీద గోధుమపిండి చల్లినట్టు సన్నటి పొడి కనిపించింది. తుడిచాను, వారానికి మళ్ళీ వచ్చింది. వెనక్కి తిప్పి చూస్తే కింది అడ్డకర్ర ఒకటి తెల్లకర్రది, కాఫీరంగు పూసి కలిపేశారు, దాన్నిండా గుండుసూది తలంత రంధ్రాలు. రంధ్రాలున్నంత మాత్రాన భయపడనక్కర లేదు, అవి పురుగు ఎప్పుడో బయటికి వెళ్ళిపోయిన దారులు కావచ్చు. రంధ్రం అంచు కొత్తగా, లోపల లేత రంగు చెక్క కనిపిస్తుంటేనే అనుమానించాలి. అందుకే దినపత్రిక కాగితం తీసుకువెళ్ళమన్నాను. అనుమానమున్న చోట కింద కాగితం పరిచి, వారం తరువాత వచ్చి చూస్తానని దుకాణదారుకు చెప్పండి. మెత్తటి పిండి పడితే పుచ్చు పురుగు బతికి ఉన్నట్టు. పిండి కాక గసగసాల్లాంటి గట్టి గింజలు పడితే అది పొడికర్రను తినే చెద, తీరప్రాంతం నుంచి వచ్చిన సామానులో దాన్ని తప్పకుండా చూసుకోవాలి. వారం ఆగడానికి ఒప్పుకోని దుకాణదారు దగ్గర కొనకపోవడమే మంచిది.

ధర సంగతి. మీరు చూసినది ఆరున్నర అడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర లోతు అనుకుందాం. పక్కలు, తలుపులు, వెనక పలక, అయిదు అరలు కలిపితే దాదాపు వంద చదరపుటడుగులు, ముప్పావు అంగుళం మందంతో ఆరు ఘనపుటడుగులకు కాస్త పైన. కాళ్ళు, చట్రాలు, కిరీటం కలుపుకుంటే ఎనిమిది ఘనపుటడుగుల కలప అనుకోవచ్చు. పాత ఇళ్ళు విప్పిన కలప అమ్మే డిపోలో పాత టేకు ఘనపుటడుగు ధర ఎంతో కనుక్కుని ఎనిమిదితో గుణించండి, దానికి వడ్రంగి కూలి కలపండి. దుకాణం వారు చెప్పిన లక్షా పాతికవేలలో ఈ మొత్తం పోగా మిగిలినది వయసుకూ, పనితనానికీ, అద్దానికీ మీరు ఇస్తున్న వెల. ఆ మిగిలినది ఇవ్వదగ్గదేనా అన్నది అప్పుడు మీరూ మీవారూ కూర్చుని చల్లగా తేల్చుకోవచ్చు. అన్నట్టు, టేకు ఘనపుటడుగు పద్దెనిమిది కిలోల పైచిలుకు తూగుతుంది. అంటే ఆ బీరువా ఖాళీగానే సుమారు నూటయాభై కిలోలు. ఎక్కించే కూలీతో బేరం ముందే ఆడుకోండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వెనకవైపు రెండు ఇనుప మూలలతో గోడకు పట్టించడం కూడా ఖర్చులో వేసుకోండి.

నిలువుటద్దం బెల్జియందని చెప్పి ఉంటారు. అందరూ అలాగే చెబుతారు, చూసి తేల్చే మార్గం లేదు. అద్దం అంచున నల్లటి మచ్చలుంటే అది వెనక పూతకు పట్టిన వయసు. ముఖం కనిపిస్తున్నంతకాలం దాన్ని మార్చవద్దు.

జైపూరు నుంచో తమిళనాడులోని కారైక్కుడి నుంచో వచ్చిందని చెప్పి రంగులు వేసిన అలమరలు కూడా మీకు చూపిస్తారు. కారైక్కుడిలో మునీశ్వరన్ కోవిల వీధి నిండా ఇలాంటి దుకాణాలే. చెట్టినాడు ఇళ్ళు విప్పినప్పుడు వచ్చిన మంచి సరుకు అక్కడ నిజంగానే దొరుకుతుంది. హైదరాబాదులో జుమేరాత్ బజారులో గురువారం తిరిగితే అదృష్టం కొద్దీ ఒకటి అరా దొరకవచ్చు. అయితే పాత రంగున్నది ఏదైనా ఉప్పుకాగితం పెట్టి గీకించేముందు ఆగండి. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలు మించకూడదన్న నిబంధన అమలులోకి వచ్చినది 2017 నవంబరులోనే. అంతకుముందు వేసిన పూతలో సీసం ఎంతైనా ఉండవచ్చు. ఆ ధూళి పిల్లల ఒంట్లోకి పోవడం ప్రమాదం. తప్పనిసరైతే ఇంట్లో కాక ఆరుబయట, తడి చేసి గీకించాలి.

ఇప్పుడు మీ అమ్మమ్మగారి జాలీ అలమర. ఇంగ్లీషులో దీన్ని మీట్ సేఫ్ అంటారు. మాంసం గడప దాటని ఇళ్ళలో కూడా పాలు, పెరుగు, వెన్న, మిగిలిన కూరా దీనిలోనే దాచేవారు. చీమలు ఎక్కకుండా నాలుగు కాళ్ళ కిందా రాతి గిన్నెలో, మట్టి ముంతలో పెట్టి నీళ్ళు పోసేవారు, అమ్మమ్మగారు పోయడం మీరూ చూసే ఉంటారు. ఆ నీళ్ళే దాని జబ్బు కూడా. ఏళ్ళ తరబడి నీళ్ళలో నిలబడిన కాళ్ళు అడుగున రెండు మూడంగుళాలు మెత్తబడి ఉంటాయి. బొటనవేలి గోరు దింపి చూడండి, దిగితే అంత మేర కోయించి అదే మందపు టేకు ముక్క కుసి (గాడిలో ఇమిడే నాలుక) వేసి అతికించమనండి. కోసినంత ఎత్తు అతకాలి, లేకపోతే కింది సొరుగు నేలకు తగులుతుంది. తుప్పు పట్టిన జాలీని తీసి స్టీలు జాలీ వేయించవచ్చు. పాత చట్రపు బద్దలు విరగకుండా పైకి లేపి అవే తిరిగి బిగించమని దగ్గర నిలబడి చెప్పండి. ఫ్రిజ్ ఉన్న ఇంట్లో ఇక దీనికేం పని అనకండి. ఉల్లిపాయలు, వెల్లుల్లి, బంగాళాదుంపలు, అరటిగెల, ఊరగాయ జాడీలు గాలి తగిలేచోట ఉండాలి, మూసిన ప్లైవుడ్ కబోర్డులో అవి మగ్గిపోతాయి. ఈ వస్తువు లోతు తక్కువ, బరువు తక్కువ, మీ లిఫ్టులో నిలబెట్టే తీసుకుపోవచ్చు. నా మాటగా మీవారికి చెప్పండి, ఇంత పనికొచ్చేది ఆయన కొత్తగా చేయించలేరు.

భోషాణం కొంచెం ఆలోచించవలసిన వస్తువు. అంగుళంన్నర మందపు పలకలు, ఇత్తడి పట్టీలు, మీద మనిషి పడుకోగలిగినంత మూత. ధాన్యం, వెండి, దస్తావేజులు అన్నీ అందులోనే ఉండేవి. దాని మీద ఇంటిపెద్ద పక్క వేసుకుంటే అదే కాపలా. ఫ్లాటులో దానితో ఇబ్బంది ఏమిటంటే, అడుగున ఉన్నది కావాలంటే పైనున్నదంతా తీయాలి. రోజూ వాడే బట్టలకు పనికిరాదు. రజాయిలు, బొంతలు, పండక్కో పెళ్ళికో తీసే ఇత్తడి సామాను, అంటే ఏడాదికి రెండుసార్లు తీసేవాటికి బ్రహ్మాండం. హాల్లో కిటికీ కింద వేసి పైన పరుపు పరిస్తే నలుగురు కూర్చుంటారు. మూతకు తప్పకుండా ఒక ఆనింపు బిగించాలి, అంత బరువైన మూత పిల్లల చేతుల మీద పడితే ఎముకలు మిగలవు. లోపల ఒక పక్కన చిన్న అర, దాని అడుగున జారే పలక ఉండవచ్చు. అమ్మేసేముందు, ఇచ్చేసేముందు ఆ దొంగ అర తడిమి చూసుకోవడం మీ కుటుంబానికే మంచిది.

మీ చెల్లెలికి ఒక సంగతి చెప్పాలి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళాకృతులూ హస్తకళా వస్తువులూ పురావస్తువుల కిందికి రావచ్చు, వాటిని సొంతంగా దేశం దాటించడానికి వీలులేదు. నూరేళ్ళలోపుదయితే అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకుని పంపించవచ్చు. అది ఇరుగుడు కర్రతో, అంటే రోజ్‌వుడ్‌తో చేసినదయితే మరో చిక్కు. ఆ జాతి కలప మొత్తం 2017 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ కిందికి వచ్చింది, వేరే అనుమతి కావాలి. భోషాణం ముత్తాతగారి నాటిదని మీ ఇంట్లో అందరూ గర్వంగా చెప్పుకుంటారు కదా, ఓడ ఎక్కించేటప్పుడు ఆ గర్వమే అడ్డు. అది మీ దగ్గర ఉండడమే సబబని నాకు తోస్తోంది. తను వచ్చినప్పుడు మీ హాల్లో దాని మీదే కూర్చుంటుంది.

పాలిష్ విషయంలో నాది కాస్త పట్టుదల. తీసుకురాగానే వడ్రంగి చెప్పేది, మొత్తం గీకేసి పీయూ (పాలీయురెథేన్ పూత) కొట్టేద్దామమ్మా, కొత్తదానిలా అవుతుందని. వద్దు. కొత్తదానిలా కావాలంటే కొత్తదే కొనుక్కోవచ్చు. పాత సామానుకు ఎక్కువగా ఉన్నది లక్క పూత, చపడాను, అంటే లక్క రేకులను, స్పిరిటులో కరిగించి గుడ్డతో పొర మీద పొరగా రుద్దినది. కనిపించని మూల స్పిరిటు ముంచిన దూది అద్ది చూడండి, పూత జిగురుగా దూదికి అంటుకుంటే అది లక్కే. లక్క పూతను గీకనక్కర లేదు. మెత్తటి గుడ్డతో, కొద్దిగా సబ్బు నీళ్ళతో, ఎక్కువ తడి కాకుండా మట్టి తుడిచి, ఆరాక అదే చపడా పాలిష్ పలచగా రెండు పూతలు వేయిస్తే లోపలి రంగు తేరుకుంటుంది. మచ్చ పడిన చోట మాత్రమే బాగుచేసుకునే సౌకర్యం లక్కకుంది, పీయూ పూతకు లేదు. వేడి గిన్నె పెడితే లక్క మీద తెల్లటి ముద్ర పడుతుంది, అది దాని లోపం, వంటింటి అలమర పైభాగం మీద ఒక రాయో గాజుపలకో వేసుకుంటే సరి. మరొక మాట, తలుపు చట్రంలో పలకలు వదులుగా కదులుతున్నాయని వడ్రంగి ఫెవికాల్ పోయబోతే ఆపండి. ఎండాకాలం, వానాకాలం చెక్క సాగి కుదించుకుపోతుంది కనుక ఆ పలకను కావాలనే గాడిలో స్వేచ్ఛగా వదిలారు. అతికించిన ఏడాదికి అది నిలువునా చీలుతుంది, మీ ఏసీ గదిలో అయితే ఇంకా త్వరగా.

బీరువా అంటే చెక్కదే కానక్కర లేదని కూడా ఒకసారి ఆలోచించండి. గోద్రెజ్ వారు స్టీలు బీరువాలు చేయడం మొదలుపెట్టినది 1923లో. మీ అమ్మగారి పెళ్ళినాటి స్టీలు బీరువా ఎవరింట్లోనైనా మూలపడి ఉంటే, కింది అంచున తుప్పు తినకుండా ఉంటే, షెడ్డులో కొత్త రంగు కొట్టించుకుంటే అదీ పాతకాలపు అందమే, పురుగు బెడద లేదు.

ఈ ఆదివారం కోనసీమ వెళ్ళగలిగితే జాలీ అలమర దగ్గరే మొదలుపెట్టండి. అరలు తీసేముందు ఏది ఎక్కడిదో సుద్దముక్కతో వెనకవైపు అంకెలు వేసుకోండి. తలుపులు బందుల దగ్గర విప్పి విడిగా దుప్పట్లో చుట్టించండి. కాళ్ళకు గోనెసంచి కట్టించి, డీసీఎంలో నిలబెట్టే తీసుకురండి, పడుకోబెడితే దారి కుదుపులకు కుసులు సడలుతాయి. దాని కింద ఉన్న నాలుగు రాతి గిన్నెలు కూడా అడిగి తెచ్చుకోండి. పాత సామాన్లవాడు ముందు పట్టుకుపోయేది వాటినే.